నీలి తీగలకు మా గాలి పడలేదు

నేను అబద్ధాలకోరునని పటేల్‌గూడలో ఎవరిని అడిగినా చెప్తారు. అందులో దాపరికం లేదు. రంగుల కంపెనీలో పనిచేసిన రోజుల్లో మా షిఫ్టు బస్సు వెనక కాకులు నీలంగా ఎగిరేవని చెప్పాను, నమ్మారు. కంపెనీ వెనక వాగులో నీళ్లకు అగ్గిపుల్ల గీస్తే అంటుకునేవనీ, ఆ మంట మీద మా వదిన చాయ్ కాచిందనీ చెప్పాను, అదీ నమ్మారు. ఒకాయన చాయ్ రుచి ఎట్లా ఉందని కూడా అడిగాడు. ఇన్ని నమ్మిన జనం, నేను ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చెబితే మాత్రం నవ్వి లేచిపోయారు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామని కొన్నాళ్లు ఆగి చూశాను. తగ్గలేదు.

నేను చివరగా పనిచేసింది పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డులో. అంతకుముందు అందులో ప్లాస్టిక్ బకెట్లు పోసేవారు. వర్షం వస్తే గోడల్లోంచి ఇంకా ఆ వాసనే వచ్చేది. లోపల మేం చేసే పని తీగలు పెంచడం. ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లు ఏం పనని అడిగితే తీగలు పెంచుతామనే చెప్పేవాణ్ణి. కాకరనా, బీరనా అని అడిగేవారు. నీలి తీగలు, బట్టతల సినిమా హీరోలకు నాటడానికి పంపుతున్నాం అనేవాణ్ణి. కిష్టారెడ్డిపేటలో దిగే ఒక పెద్దమనిషి తన అల్లుడి కోసం కాసిని దొరుకుతాయా అని చాలా రోజులు నా వెంటపడ్డాడు.

నిజం చెప్పాలంటే, వెంట్రుకతో పోల్చడమే ఆ తీగలకు అవమానం. వందల తీగలు పక్కపక్కన పేరిస్తే గాని ఒక వెంట్రుక మందం రాదు. అవి ఎట్లా మొలుస్తాయో తెలుసుకోవాలంటే పెద్ద చదువు అక్కర్లేదు, దేవుడి అలమరాలో కర్పూరం డబ్బా చాలు. దాన్ని కొన్నాళ్లు కదపకుండా ఉంచి మూత తీసి చూడండి. మూత లోపలి వైపు సన్నటి పలుకులు మెరుస్తుంటాయి. కర్పూరం కరగలేదు, కాలలేదు. ఊరికే ఆవిరై లేచి, చల్లగా ఉన్న చోట మళ్లీ గట్టిపడింది. మా పనీ అంతే. కర్పూరం బదులు నీలి పొడి. రంగుల కంపెనీలో నేను బస్తాలకు బస్తాలు మోసిన పొడే అది. గోడల రంగుల్లోకీ బకెట్లలోకీ పోయే ఆ పొడిని బాగా శుద్ధి చేసి, చిటికెడు తీసుకుని, పడవలాంటి చిన్న పింగాణీ గిన్నెలో పోసి, పొడవాటి గాజు గొట్టంలోకి తోస్తాం. గొట్టం ఒక సగం కొలిమిలో, రెండో సగం బయట చల్లగా. సిలిండర్ నుంచి నైట్రోజన్‌ను, పడుకున్న పసిపిల్లవాడి మొహం మీద ఊదినంత మెల్లగా వదులుతాం. పొడి ఆవిరై, ఆ ఊపిరితో జరిగి జరిగి, చల్లటి చోట పెట్టిన గాజు పలక మీద నూగులా దిగుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అది నూగు కాదు, నీలి గరిక. ఒక్కో పోచా ఒక తీగ. రాగితీగలా కరెంటును అడ్డూ అదుపూ లేకుండా పోనివ్వదు, కట్టెలా పూర్తిగా ఆపెయ్యదు. అర్ధవాహకం అంటారు పుస్తకాల్లో. సమయం చూసి దారిచ్చే రకమన్నమాట.

తీగలను పెంచేది నేను కాదు. నేను సిలిండర్లు మార్చేవాణ్ణి, కొలిమి చూసేవాణ్ణి, డబ్బాలు బిగించేవాణ్ణి. పెంచేది ఒక అమ్మాయి. సంగారెడ్డి అవతల ఊరు, సేద్యం చేసుకునే ఇల్లు. సంగారెడ్డిలో డిగ్రీ, ఆ తర్వాత కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. రోజూ ఆర్టీసీ బస్సులో వచ్చి పోయేది. నన్ను కాకా అనేది. నా కథలను నమ్మని మనిషి ఆ షెడ్డులో ఆమె ఒక్కతే. నమ్మకపోగా సవరించేది. కాకులు నీలమైతే ముక్కులు ఏ రంగు, గుడ్లు ఏ రంగు అని ఆరా తీసి, నా చేతనే కథను ఇంకా బాగా చెప్పించేది. కొలిమితో బర్రెతో మాట్లాడినట్టు మాట్లాడేది: ఆగు, ఎందుకంత తొందర, జెర సల్లబడు. ఆమె పెంచిన పలకల మీద నూగు ఒత్తుగా, ఒకే ఎత్తుగా, ఇప్పుడే నాటేసిన వరిమడిలా ఉండేది. నేను పెంచబోతే పుండు మీద బూజులా వచ్చేది.

షెడ్డు యజమాని మా సారు. వాళ్ల నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చినాయన. సారు ఆ ఫ్యాక్టరీ క్వార్టర్లలోనే పుట్టి పెరిగాడు. ఆయన చదువును నేను తక్కువ చేయను. గొట్టంలో ఎక్కడ ఎంత వేడి ఉండాలో మా ఇద్దరికీ నేర్పింది ఆయనే. ఆయన ఆలోచన ఏమిటంటే, ఆ తీగలను రెండు బంగారు గీతల మధ్య వంతెనలా పరచాలి. ఆమ్లపు పొగలు, క్లోరిన్ లాంటివి తగిలితే తీగలో కరెంటు పెరుగుతుంది. దాన్ని అరచేతిలో పట్టే డబ్బాలో బిగించి, అంకె చూపే చిన్న తెర ఒకటి, హద్దు దాటితే వెలిగే ఎర్ర లైటు ఒకటి పెట్టాలి. కంపెనీలు కొని గేటు దగ్గర పెట్టుకుంటాయి, పనివాళ్ల జేబులకు తగిలిస్తాయి. మంచి ఆలోచనే. రంగుల కంపెనీలో నా జేబుకు అలాంటిది ఒకటి ఉండి ఉంటే, ఇవాళ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, కిందికి చూస్తూ ఏదో మర్చిపోయినట్టు నటించే పని నాకు ఉండేది కాదు.

గొడవ ఎక్కడ మొదలైందంటే, ఆ డబ్బాలు కుదురుగా ఉండేవి కావు. ప్రతి డబ్బాకూ ముందు సున్నా పెట్టాలి. అంటే, ఇదీ మంచి గాలి అని దానికి ఒకసారి చూపించాలి. అక్కడి నుంచి పైకి ఎంత పోతే అంత చెడుగాలి. నైట్రోజన్ నింపిన గాజుపెట్టెలో సున్నా పెట్టి అక్కడే ఉంచితే ధ్యానం చేస్తున్నట్టు కదలకుండా ఉండేది. బయటికి తీసి బల్ల మీద పెడితే అంకె ఎక్కడం మొదలు. పొద్దు వాలే వేళకు ఇంకా ఎక్కేది. ఒక్కోరోజు ఎర్ర లైటు కూడా వెలిగేది. తీగలు బాగా లేవన్నాడు సారు. ఆమె మళ్లీ పెంచింది. అదే తీరు. తేమ అన్నాను నేను, నాకేదో తెలిసినట్టు. తేమ తీసే గింజలు పెట్టాం. అదే తీరు.

అప్పుడు సారు కళ్లు కర్పూరం మీద పడ్డాయి. కొత్త పలక గొట్టంలోకి తోసే ముందు ఆ అమ్మాయి కొలిమి ఎదుట కర్పూరం బిళ్ల ఒకటి వెలిగించి కళ్లకద్దుకునేది. మా దిక్కు ఇది వింతేమీ కాదు. లారీ స్టార్ట్ చేసినా, లేతు మిషను తిప్పినా, బోరు వేసినా ముందు కర్పూరం, కొబ్బరికాయ. ఆ పొగ గదినిండా పట్టి తీగలను పాడుచేస్తోందని సారు తేల్చాడు. చెప్పడం పక్కకు పిలిచి చెప్పలేదు. చాయ్ పోసేవాడు, కాపలా ఆయన, నేను అందరం ఉండగా, చదువుకున్న పిల్లవి నీకు బుద్ధి ఉండక్కర్లేదా అన్నాడు. ఆమె కర్పూరం డబ్బా తీసి తన సంచిలో వేసుకుంది.

నాకు అక్కడ మండింది. ఎందుకంటే ఆ కొలిమి ముందు మొదటి కర్పూరం వెలిగించింది ఎవరు? సారు వాళ్ల అమ్మగారు. షెడ్డు తెరిచిన రోజు పట్టుచీర కట్టుకొచ్చి, గొట్టానికి పసుపు రాసి, పెద్ద గుమ్మడికాయ కొట్టించి, పళ్లెం నిండా కర్పూరం మండించి, ప్రతి పలకకూ ముందు ఇలాగే చేయాలమ్మా అని ఈ పిల్లకు చెప్పింది ఆమే. గొట్టానికి పట్టిన పసుపు కడగడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ మాటే సారుతో అన్నాను. అమ్మ సంగతి వేరు అన్నాడు. ఎట్లా వేరో చెప్పలేదు. పెద్దింటి కర్పూరానికి పొగ రాదేమో.

కర్పూరం ఆగిపోయింది. గోడలు కడిగాం, గొట్టం మార్చాం. అంకె ఎక్కుతూనే ఉంది. అయినా సారు తగ్గలేదు. కర్పూరం గదికి పట్టేసిందన్నాడు, వదలడానికి టైం పడుతుందన్నాడు. ఈలోపు హైదరాబాద్ నుంచి వేరే ఒకరిని మాట్లాడుతున్నాననీ, నెలాఖరు దాకా చూసి ఈ అమ్మాయిని పంపించేస్తాననీ నాతో అన్నాడు. తీగలు పెంచే కొలిమి ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఆమెకు పోయేది జీతం ఒక్కటే కాదు, చేతికొచ్చిన విద్య. పైగా పోయేటప్పుడు నెత్తిన పెట్టుకు పోయే పేరు ఏమిటి? కర్పూరంతో తీగలు చెడగొట్టిన మనిషి.

తప్పు తీగలది కాదు సారూ, గాలిది అని నేను అప్పుడే చెప్పాను. పొద్దు వాలితే ఏ దిక్కు నుంచి గాలి తిరుగుతుందో, అందులో ఏం కలుస్తుందో ముప్పై ఏళ్లుగా నా ముక్కుకు తెలుసు. ఆయన నవ్వాడు. మీ నీలి కాకులు కూడా ఆ గాలికే మారాయా అన్నాడు. చాయ్ పోసేవాడూ నవ్వాడు, కాపలా ఆయనా నవ్వాడు. వాళ్లకు నవ్వు నేర్పిన పాపం నాదే అనుకోండి.

ఉపాయం ఆ అమ్మాయిదే. గదికి కర్పూరం పట్టిందంటే గది దాటి చూద్దాం అంది. ఒక ఆదివారం షెడ్డుకు పని ఉందని వచ్చి, గాజుపెట్టెలో సున్నా పెట్టిన డబ్బా ఒకటి సంచిలో వేసుకుని, ఇద్దరం సంగారెడ్డి బస్సెక్కాం. ఆమెది ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్టు, నాది డబ్బులిచ్చి కొన్న టికెట్టు. ఆమె కిటికీ పక్కన కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకుంది. పటాన్‌చెరు స్టాండులో అంకె బల్ల మీద ఎట్లా ఎక్కిందో అట్లాగే ఎక్కింది. ఆ బస్సులో కర్పూరం ఎవరూ వెలిగించలేదు.

కండక్టరు ఊరుకోలేదు. వంగి చూసి, "ఏందమ్మా గది, బాంబు గిట్ల కాదు గద?" అన్నాడు.

"షుగర్ చూసే మిషన్," అన్నాను నేను ఆమెకు నోరు తెరిచే సందు ఇవ్వకుండా. "బస్సుకు షుగర్ ఉందా అని చూస్తున్నం."

"మా డిపోల అన్ని బండ్లకు బీపీనే ఉంది, షుగర్ లేదు," అని ఆయన ముందుకు పోయాడు.

ఇస్నాపూర్ దాకా అంకె దిగలేదు. రుద్రారం దాటాక ఆగింది. కంది ఊరి దగ్గర కొద్దిగా దిగింది. తీగ పీల్చుకున్నదాన్ని వెంటనే వదలదు, కింద ఉన్న చిన్న హీటరు దాన్ని మెల్లమెల్లగా విదిలించాలి. సంగారెడ్డిలో దిగి ఆటో మారి వాళ్ల ఊరు చేరి, ఊరి బయట వాళ్ల కంది చేను గట్టు మీద కూర్చున్నాం. వాళ్ల నాయన మంచినీళ్లు తెచ్చిచ్చి, ఏం చూస్తున్నారని అడిగాడు. గాలి బరువు తూస్తున్నామని చెప్పాను. ఆయన తలాడించి, గడ్డి కోయడానికి వెళ్లిపోయాడు. మాకు అంబలి పోసి మళ్లీ వచ్చేసరికి అంకె దిగి దిగి, గాజుపెట్టెలో ఉన్నంత కుదురుగా నిలబడింది. సున్నాకు కొద్దిగా పైన.

ఆమె ఆ అంకెను టికెట్టు వెనక రాసుకుంది. చేనులో కొంగలు తిరుగుతున్నాయి, వాటి రంగు గురించి నేనేమీ అనలేదు.

"నా తీగలు మంచిగనే ఉన్నయి కాకా," అంది.

తిరిగి వచ్చేటప్పుడు రుద్రారం దాటగానే అంకె లేచింది. దిగినప్పటి కంటే జల్దీగా లేచింది. పటాన్‌చెరు వచ్చేసరికి ఎర్ర లైటు. ఆ బస్సులో మా చుట్టూ కూర్చున్నవాళ్లు ముక్కు కూడా చిట్లించలేదు. కూరగాయల సంచీలు కాళ్ల మధ్య పెట్టుకుని, ఫోన్లు చూసుకుంటూ, ఆ ఎర్ర లైటు పీలుస్తూ కూర్చున్నారు.

మర్నాడు సారుకు అంతా చెప్పాం. నేను చెబితే కథ అవుతుందని ఆమే చెప్పింది. ఏ ఊళ్లో ఎంత, ఎక్కడ ఆగింది, ఎక్కడ లేచింది. సారు ఆశ్చర్యపోతాడని, కనీసం ఆమెకు ఒక మంచి మాట చెప్తాడని నేను ఎదురుచూశాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చల్లగా అన్నాడు.

"నాకు తెలుసమ్మా. మొదటి నెలలోనే తెలుసు."

ఆ మాట నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తెలుసు. తెలిసే గోడలు కడిగించాడు, తెలిసే గొట్టం మార్పించాడు. తెలిసే, చాయ్ పోసేవాడి ముందు ఆ పిల్లను బుద్ధి లేదా అని అడిగాడు. గాలి బాగా లేదని బయటికి అంటే ఎవరి గాలి, ఎవరు పాడుచేశారు అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబైన కంపెనీయే మా డబ్బాలు మొదట కొనబోయేది. అందుకని, కర్పూరం.

ఆయన చెప్పిన దారి చాలా సులువైనది. గాజుపెట్టెలో సున్నా పెట్టడం మానేసి, ఈ బల్ల మీద, ఈ గాలిలోనే సున్నా పెట్టమన్నాడు. పొద్దు వాలే వేళకు పెడితే ఇంకా మంచిదన్నాడు. దాని మీద ఏదైనా పెద్ద లీకు వస్తే డబ్బా ఎలాగూ అరుస్తుంది. ప్రతి మీటరుకూ ఉన్న చోటే సున్నా, అందులో తప్పేముంది? డబ్బాలు కుదురుగా ఉంటాయి, తీగలు మంచివవుతాయి, అమ్మాయి ఉద్యోగం అమ్మాయికి ఉంటుంది. హైదరాబాద్ మనిషికి వద్దని ఫోన్ చేసేస్తాను అన్నాడు.

నా చిన్నప్పుడు మా నాయన పెసల బస్తాలు సంగారెడ్డి మార్కెట్‌కు తీసుకుపోయేవాడు. అక్కడ సేటు మనిషి తరాజుకు తూకపు బాట్లు పెట్టే వైపు ఒక రాయి కట్టి ఉంచేవాడు. అదేందంటే పాసంగం అనేవాడు, పళ్లేలు సమానం చేయడానికట. మా నాయన గింజలు పోయనిచ్చేవాడు కాదు. ముందు ఖాళీ తరాజు చూపియ్యి, తర్వాత నా గింజలు అని బస్తా మీద కూర్చునేవాడు. జనం మూగేవారు, సేటు తిట్టేవాడు, చివరికి రాయి విప్పేవాడు. మా సారు కూడా రాయే కట్టమన్నాడు. కాకపోతే ఆ రాయి కనపడదు. ఇటు పళ్లెంలో ఉన్నవి పెసలు కావు, మా మనుమల ఊపిరితిత్తులు.

ఈ మాటలన్నీ నేను సారుతో అరిచి చెప్పాను. కథలు బాగా చెప్తారండీ మీరు, అన్నాడాయన.

బయటికి వచ్చాక ఆమె మీద కూడా అరిచాను. ఎందుకు ఊకున్నవ్, ఎందుకు తలకాయ ఊపినవ్ అని. ఆమె చెప్పుల్లో ఇరుక్కున్న కంకర తీసుకుంటూ అంది: "నువ్వు ఒర్రినవ్ గద కాకా. ఏమన్న అయిందా? ఇగ జెర సప్పుడు చెయ్యకుండ ఉండు. సున్నా నేనే పెడత."

నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమె డబ్బాలు సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోతోందని చూశాను గానీ, పని మిగిలితే ఇంట్లో చేసుకుంటోందేమో అనుకున్నాను. కోపంలో ఉన్నవాడికి కళ్లు సగమే పనిచేస్తాయి.

కొనే కంపెనీ నుంచి భద్రతాధికారి వచ్చిన రోజు సారు కొత్త చొక్కా వేసుకున్నాడు. బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, డబ్బాలను వరసగా పెట్టించాడు. ఎండ వాలుతోంది. వచ్చినాయన నెమ్మదస్తుడు, చాయ్ తాగుతూ తీగల గురించి మంచి ప్రశ్నలే అడిగాడు. సారు కర్పూరం పోలికతో చెప్పాడు, నేను చెప్పే పోలికే. అంతలో ఒక డబ్బా ఎర్రగా వెలిగింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగా వరస మొత్తం వెలిగింది, తెల్లగుడ్డ మీద కుంకుమ చల్లినట్టు.

సారు ఆమె వైపు చూశాడు. సున్నా ఎక్కడ పెట్టావని అడిగాడు.

"మా చేను కాడ," అంది ఆమె. "సిలిండర్ల గాలి ఎవరు పీలుస్తరు సార్? అందుకే మనుషులు పీల్చే గాలి చూపిచ్చిన. గిది మంచిది, గుర్తు పెట్టుకొమ్మని చెప్పిన."

అప్పుడు జరిగింది చెబితే అబద్ధం చెప్తున్నాడంటారు, అందుకే ఉన్నదున్నట్టు చెప్తాను. వచ్చినాయనకు కోపం రాలేదు. సిగ్గు కూడా పడలేదు. చాయ్ కప్పు కింద పెట్టి చిన్నగా నవ్వి, తీగలు చాలా బాగా పనిచేస్తున్నాయి అన్నాడు. ఆమెను చూసి మరీ అన్నాడు. తర్వాత సారు వైపు తిరిగి, ఒక్క మార్పు చేస్తే ఇవి మాకు పనికొస్తాయి, సున్నా బటను డబ్బా బయటికి పెట్టించండి, మా అవసరాన్ని బట్టి మేమే నొక్కుకుంటాం అన్నాడు. సారు వెంటనే సరేనన్నాడు. బటను ఏ రంగుదైతే బాగుంటుందని కూడా అడిగాడు.

ఆయన కారెక్కాక సారు లోపలికి వచ్చాడు. ఆయనకూ కోపం లేదు, అదే నాకు ఇప్పటికీ తట్టుకోలేని సంగతి. చూశావా అమ్మా, ఇక నీ మీద తప్పేమీ ఉండదు, బటను వాళ్ల చేతిలో ఉంటుంది, నువ్వు హాయిగా తీగలు పెంచుకో అన్నాడు. జీతం కూడా పెంచుతానన్నాడు.

ఆమె కొలిమి దగ్గరికి వెళ్లింది. గొట్టంలో ఒక పలక ఉంది, సగం మొలిచింది. వేడి మెల్లగా తగ్గించమని నాకు చెప్పింది, ఒక్కసారిగా ఆపితే గొట్టం పగులుతుంది. సంచిలోంచి కర్పూరం డబ్బా తీసి ఒక బిళ్ల వెలిగించి, కళ్లకద్దుకుని, అది పూర్తిగా కాలేదాకా నిలబడింది. సారు అడ్డు చెప్పలేదు, పొగ గురించి మాట్లాడలేదు.

"నేను పెంచింది చెప్పెటందుకు సార్," అంది. "నోరు మూసెటందుకు కాదు. ఇగ నేను రాను."

అన్నం డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. నేను సారు కుర్చీని ఎత్తి కొలిమిలో కుక్కి, ఆయన్ని బకెట్లు పోసే పాత అచ్చులో కూర్చోబెట్టి వచ్చానని మా చాయ్ హోటల్లో చెప్పాను, అందరూ నమ్మారు. నిజానికి కొలిమి చల్లారేదాకా పక్కన కూర్చుని, గొట్టం తుడిచి, సిలిండరు మూసి, తాళం చెవులు బల్ల మీద పెట్టి వచ్చాను. మర్నాటి నుంచి నేనూ పోలేదు. డబ్బాల్లో ఒకటి మాత్రం ఆమె నా సంచిలో వేసి పోయింది. బటను లేనిది, వాళ్ల చేను గాలి తెలిసినది.

అది ఇప్పుడు పటేల్‌గూడలో మా ఇంటి కిటికీలో ఉంది. సాయంత్రం అయితే ఎర్రగా వెలుగుతుంది. మొదట్లో పక్కింటివాళ్లు అదేమిటని అడిగితే నిజం చెప్పాను. ఇది గాలి సంగతి చెప్తుంది, మన గాలి బాగా లేదు, సున్నా ఎక్కడ ఉండాలో అక్కడ లేదు అన్నాను. పగలబడి నవ్వారు. కాకా కొత్త కథ ఎత్తుకున్నాడన్నారు. నవ్వుతుంటే ఒకాయనకు దగ్గు తెర వచ్చి, గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. దగ్గి దగ్గి తేరుకుని మళ్లీ నవ్వాడు.

విసుగొచ్చి, ఎవరైనా అబద్ధం చెబితే ఇది వెలుగుతుందని చెప్పాను. అది వెంటనే నమ్మారు. ఇప్పుడు వారానికొకరు ఎవరో ఒకర్ని పట్టుకొస్తారు. ఒకామె భర్తను తెచ్చింది, ఒకాయన చిట్టీ వేసే బావమరిదిని తెచ్చాడు. పొద్దున్నే తెస్తే లైటు వెలగదు, నిర్దోషులు. సాయంత్రం తెస్తే ఎంతటివాడికైనా వెలుగుతుంది. దాన్ని బట్టి కాలనీలో సగం మంది అబద్ధాలకోరులని తేలింది. నేను నవ్వి ఊరుకుంటాను, కానీ వాళ్లు వెళ్లాక కిటికీ మూస్తూ పళ్లు కొరుక్కుంటాను.

ఆ అమ్మాయి ఇప్పుడు సంగారెడ్డి రోడ్డులో ఒక మందుల కంపెనీలో మాత్రలు పరీక్ష చేస్తోంది. తీగలు పెంచే చేతులు మాత్రలు అరగదీస్తున్నాయి. షెడ్డులో వేరే ఎవరో పెంచుతున్నారట, బటను పచ్చరంగు పెట్టించారట. పని అయ్యాక బస్సు కోసం నిలబడి ఆమె నాకు రోజూ ఫోన్ చేస్తుంది. బాగున్నావా అని కూడా అడగదు.

"కాకా, ఎంతుంది?"

నేను కిటికీ దగ్గరికి వెళ్లి, అద్దాలు పెట్టుకుని, తెర మీద ఉన్న అంకె చదివి చెప్తాను. నా బతుకులో ఏ కథకైనా కాస్త కలపకుండా ఉండలేనివాణ్ణి నేను. చేపను మొసలి చేసినవాణ్ణి, వాగును మంట చేసినవాణ్ణి. ఈ అంకెకు మాత్రం ఒక్కటి కూడా కలపను. కలపడానికి ఆ కంపెనీలవాళ్లు నాకేమీ మిగల్చలేదు.